చిరునామాకు ఒక్కటే

గాలివాన వెళ్ళిపోయిన నలభయ్యో రోజు
ప్యూర్టోరికోలో మా కొండమీదికి దరఖాస్తులొచ్చాయి.
నెలకు మూడొందల నిమిషాలు
సర్కారు ఖర్చుతో మాట్లాడుకోవచ్చు.

పైకప్పు మిగిలింది బడికే.
మూడో తరగతి గదిలో బల్ల వేసుకుని కూర్చున్నాను.
నాలుగు కుటుంబాలు పడుకునేదీ అక్కడే.

ఎనిమిదో గడి: చిరునామా.
నాలుగు కాగితాల మీదా అదే బడి, అదే గది.
అడుగున చీమలంత అక్షరాల్లో
చిరునామాకు ఒక్కటే రాయితీ అని ఉంది.

"మా పొయ్యి వేరు, మా అప్పులు వేరు,
గురక కూడా వేరే"
అంటూ లేచింది ఒబ్దూలియా.
సుద్దముక్క వెతికి నేలమీద గోడలు గీసింది.
కిటికీ నుంచి అట్లాసు బీరువా దాకా ఒక ఇల్లు.
గుమ్మానికి చోటు వదలడం మరిచిపోలేదు.
కాసేపటికి పిల్లలు
ఆ గుమ్మాల్లోంచే వచ్చిపోవడం మొదలుపెట్టారు.

నేను రాసుకున్నాను:
ఒబ్దూలియా, కిటికీ ఇల్లు.
మిగ్దాలియా, నల్లబల్ల ఇల్లు.
అబద్ధం రాస్తున్నట్టు అనిపించలేదు,
కలం మాత్రం ఒకసారి ఆగింది.

మూడు ఫోన్లొచ్చాయి.
హెనారో కాగితం తిరిగొచ్చింది:
"సదరు చిరునామా ఉన్నట్టు కనబడలేదు."
నిజమే. తనిఖీకి వచ్చిన పొద్దున
ఎవరో గది తుడిచేశారు.

సిగ్నలు అందేది వంతెన మీదే.
సాయంత్రం హెనారో అక్కడ నిలబడి
ఒబ్దూలియా ఫోన్లో
కాఫీ నారు ధర బేరమాడాడు.
"తొమ్మిది నిమిషాలు, గుర్తుంచుకో" అందామె,
వంతెన అవతలికి వినబడేలా.

గదికొచ్చి, తన గోడ పక్కన
సుద్దతో తొమ్మిది గీతలు గీసింది.

రేపు నేల తుడిచే వంతు
ఆమెదే.