సవరణ

నా పేరు చివరిసారి అచ్చయింది
అయిదో పేజీ అడుగున,
పోయిన పాసుబుక్కు ప్రకటనకీ
బోరుబావుల ప్రకటనకీ మధ్య,
నాలుగు లైన్ల సవరణలో.

అంతకు ముందు మొదటి పేజీలో అంకమ్మ ఉండేది.
మిర్చి యార్డులో తొడిమలు తీసే అంకమ్మ.
"కారం మాకు కొత్త కాదు సారూ,
కన్నీళ్ళే కొత్త" అంది.
అనలేదు.
రాత్రి పదకొండింటికి, ఎడిషన్ మూసే వేళ
శంకర్ విలాస్ సెంటర్లో టీ తాగొచ్చి
ఆ మాట నేనన్నాను.
ఆమెకి నోరు కూడా నేనే పెట్టాను.

శాలువా కప్పారు.
ఇప్పుడది ఇంట్లో ఇస్త్రీ బల్ల మీది గుడ్డ.

నరసరావుపేట నుంచి రిటైర్డు లెక్కల మాస్టారొకాయన
పేపరు కటింగు జేబులో పెట్టుకుని
అంకమ్మకని పాతికవేల చెక్కు తెచ్చాడు.
ముక్కుకి తువ్వాలు కట్టుకుని, దగ్గుకుంటూ
మూడు రోజులు యార్డంతా తిరిగాడట.
నలుగురు అంకమ్మలు లేచి నిలబడ్డారు.
ఒక్కరూ నా అంకమ్మ కాదు.
ఆయన కోప్పడలేదు.
"లెక్క తేలలేదు బాబూ" అన్నాడు ఫోన్లో.
ఎడిటర్‌కీ అదే మాట చెప్పాడు.

రెండేళ్ళు బ్రాడీపేటలో శుభలేఖల ప్రూఫులు దిద్దాను.
పెళ్ళికొడుకు ఇంటిపేరులో దీర్ఘం పోతే
ఎంత గొడవో మీకు తెలీదు.

ఇప్పుడు జిలానీ గారి వారపత్రిక.
"కథలొద్దు, రేట్లు రాయి" అన్నారు.
తేజ ఇంత. బాడిగ ఇంత. తాలు ఇంత.
దిగిన టిక్కీలు ఇన్ని.
కాటా దగ్గర ఒకసారి చూస్తాను,
గుమాస్తా చిట్టాలో ఒకసారి,
బండెక్కబోయే రైతుని ఆపి మరోసారి అడుగుతాను.

మొన్న ఆ నలుగురిలో ఒకామె గుర్తుపట్టింది.
ప్రత్తిపాడు అంకమ్మ.
"ఆ చెక్కు మళ్ళీ వస్తదా?"
రాదన్నాను.
"నేనే ఆమెనని ఒక్క ముక్క చెప్పుంటే
నీ సొమ్మేం పోయేదయ్యా?"

పక్కనే కూర్చున్నాను.
తుమ్ములు ఆగాక, ఏదైనా చెప్పమన్నాను.
ఏముంది చెప్పడానికంటూనే
కూలి సంగతీ నీళ్ళ సంగతీ చెప్పింది.
రాసుకుని చదివి వినిపించాను:
"మధ్యాన్నం నీళ్ళ ట్యాంకరు రాలేదు..."
"రాలేదన్లా. ఆలస్యంగా వచ్చిందన్నా."
నా చెయ్యింకా పాత వాలుకే జారుతోంది.
కొట్టేసి, దిద్ది, మళ్ళీ చదివాను.
అప్పటికే ఆమె తొడిమల్లో పడిపోయింది.

జిలానీ గారు కాగితం చూసి నవ్వారు.
"అంకమ్మా? మళ్ళీనా?
పేరు మార్చవయ్యా, ఎవరూ నమ్మరు."
నిజమే, నమ్మరు.
ఇప్పుడు నాకు చేతకాని పని అదొక్కటే.
కాగితం మడిచి క్యారేజీ సంచిలో పెట్టుకున్నాను.

ఈ వారం రేట్లే వచ్చాయి, కింద పేరు లేకుండా.
తాలు ధరలో తొమ్మిది ఉండాల్సిన చోట ఆరు.
తప్పు నాదే. నా చేతిరాతలోనే ఆరుంది.
ఎవరూ ఫోన్ చెయ్యలేదు.
సాయంత్రం ప్రెస్సుకెళ్ళి
వచ్చే సంచికకి నాలుగు లైన్లు రాసిచ్చాను.
కింద నా పేరు వెయ్యమన్నాను.