ముప్పై అయిదో నంబరు నూనె

పగలంతా నారాయణగూడ ల్యాబులో
ఎవరివో దవడల అచ్చులు,
ఎవరికో పెట్టబోయే పళ్ళు.
ఆరు దాటాక అదే బల్ల మీద
నా వేలంత కూడా లేని
నాలుగు షాకబ్జార్బర్లు విప్పుతాను.

పోయిన ఆదివారం మౌలాలి గుట్ట వెనక
నా రిమోటు ర్యాలీ కారు
ప్రతి రాయి మీదా కప్పలా గెంతింది.
కిందపడ్డాక ఇంకోసారి, దాని తర్వాత ఇంకోసారి.
చివరికి వెల్లకిలా పడి
చక్రాలు గాల్లో తిప్పుకుంటూ ఉండిపోయింది.
మేకల వెంట వచ్చిన పిల్లాడు
కడుపు పట్టుకుని నవ్వాడు.

గట్టి స్ప్రింగులు కొందామని రాణిగంజ్ వెళ్ళాను.
ఆటోల షాకులు బాగుచేసే బుగ్గయ్య
గ్రీజు చిటికెనవేలితో కారును ఒక్కసారి నొక్కి వదిలాడు.
"స్ప్రింగు తప్పేం లేదమ్మా, ఎగురుడే దాని పని.
ఆపుడు కాదు, మెల్లగ రమ్మని చెప్పాలె.
చెప్పేది నూనె.
నీ నూనె నీళ్ళ లెక్కుంది."

అరవై నంబరు పోశాను.
కారు కొయ్యబారింది.
గులకరాయి తగిలినా ఊపిరి బిగబట్టినట్టు
ఒక చక్రం ఎత్తుకునే నడిచింది.

ఇక మిగిలింది పిస్టన్.
ఆవగింజ పట్టని రంధ్రాలు రెండు.
క్యాపులు చెక్కే సన్నటి బర్‌తో
వెంట్రుకంత, వెంట్రుకంతే, వెడల్పు చేశాను.
(కృపావరం సారుకి తెలీదు.
తెలిసినా, బర్ అరిగిందేమని మాత్రమే అడుగుతారు.)
ముప్పై అయిదో నంబరు నూనె నింపి
పిస్టన్ని పైకీ కిందికీ నెమ్మదిగా ఆడిస్తే
అడుగు నుంచి బుడగలు లేచాయి.
పెద్దవి వెంటనే పోయాయి.
చిన్నదొకటి గోడకు అంటుకుని
ఎంత తట్టినా కదల్లేదు.
మూత పెట్టకుండా అలాగే వదిలి
టిఫిన్ డబ్బా కడుక్కుని వచ్చాను.
అప్పటికి లేదు.

ఈ ఆదివారం అదే రాయి.
కారు లేచింది, నేను కళ్ళు మూసుకున్నాను,
'టప్' అని ఒకటే చప్పుడు.
కళ్ళు తెరిస్తే, నాలుగు చక్రాల మీద
దుమ్ము రేపుకుంటూ పోతూనే ఉంది.
పిల్లాడు నవ్వలేదు.
"అక్కా, ఇంకోసారి" అన్నాడు.

చీకటి పడ్డాక
కారును టవల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని
హబ్సిగూడ మీదుగా ఇంటికి.
మూత ఊడిన మ్యాన్‌హోల్ పక్కన
నా స్కూటీ వెనక షాకు ఖణేల్‌మంది.
నాలుగేళ్ళుగా అంతే.
ఊరందరి పళ్ళు చెక్కే నేను
నా పళ్ళు టకటకమంటుంటే
దవడ బిగించి, రెండో గేర్లేని బండిని తిట్టుకుంటూ,
ఒళ్ళో దానికి మాత్రం కుదుపు తగలకుండా
మోకాళ్ళు కాస్త ఎత్తిపెట్టాను.