నాలుగో గడి

రిజిస్టర్లో నాలుగు గడులు.
పేరు. వయసు. తండ్రి ఫోన్ నంబరు.
నాలుగోది సంబంధం.
గీతలు గీసింది నేనే. స్కేలు లేక
లాఠీ ఆనించి గీశాను,
అందుకే చివరికొచ్చేసరికి కొంచెం వంకర.

ఆదివారం. తెన్నేటి పార్కు దిగువన
సముద్రం తన పని తాను చేసుకుంటోంది.
మురీ మిక్చర్ బండివాడు ఉల్లిపాయలు తరుగుతున్నాడు.
ఎస్సైగారు జీపు దిగకుండానే చెప్పారు:
"ఆరు దాటాక జంటగా కనబడితే రాయండి.
పైనుంచి ఒత్తిడి ఉంది."
పైన అంటే ఏ పైనో అడగలేదు.
పైన ఆకాశం ఉంది, ఆఫీసు ఉంది,
మొన్న అర్జీ పట్టుకొచ్చిన భక్త సమాజం వాళ్ళ మేడ ఉంది.

మా ఇంట్లో ఒక కథ ఉంది.
కాగితం మీద ఎక్కడా లేదు,
నోట్లోంచి నోట్లోకి వచ్చిందే.
మా ముత్తవ్వకి అవ్వ, గరికిన పైడమ్మ,
దొరల కాలంలో ఒక ఆదివారం పొద్దున్న
వన్ టౌన్లో ప్రార్థన జరుగుతుండగా
"వంజరాలమ్మా వంజరాలూ" అని కేకేసిందట.
పాదిరి కిటికీ మూసి చీటీ రాశాడు.
కలెక్టరు దొర చీటీ కింద సంతకం పెట్టాడు.
మా కులపెద్దలు
"ఆడది అంత గొంతెత్తడం మనకీ తప్పే" అని తలూపారు.
ముగ్గురికీ దేవుళ్ళు వేరు.
బొండకొయ్య ఒకటే.

పొద్దు గూకేదాకా కాళ్ళు బొండలో.
తట్టలో చేపలు ఎండకి కుళ్ళాయి.
శిక్ష కన్నా ఆ చేపల లెక్కే
మావాళ్ళు ఎక్కువ తలుచుకుంటారు:
పదకొండు వంజరాలు, నాలుగు చందువలు,
కవళ్ళకి లెక్కే లేదు.

ఈ కథ చెప్పి చెప్పే మా అమ్మ నన్ను
కానిస్టేబుల్ పరీక్షకి చదివించింది.
"బొండ ఏసే వైపు ఉండవే గుంటా" అంది.
ఉన్నాను.

ఏడింటికి మొదటి జంట.
అమ్మాయిది గాజువాక, పాలిటెక్నిక్ రెండో ఏడు.
ఫోన్ నేనే చేశాను, స్పీకర్ పెట్టి.
తండ్రి అరవలేదు.
"సరే మేడం, థాంక్స్ మేడం" అన్నాడు.
మళ్ళీ, ఇంకా మెల్లగా, "థాంక్స్ మేడం."
ఆ రెండో థాంక్స్ వినగానే
ఆ పిల్ల చెప్పులు మర్చిపోయి నడిచింది.

రెండో జంటకి జుట్టు తెల్లగా ఉంది.
కొయిలాడ అప్పలనర్సయ్య, షిప్‌యార్డులో వెల్డరు, రిటైరు.
శీలం ఐరీన్ రత్నం, పోర్టు ఆసుపత్రిలో నర్సు, ఒకప్పుడు.
పేర్లలోనే రెండు వేరువేరు గుళ్ళు.
మధ్యలో ఒకే వేరుశనగల పొట్లం.
తండ్రి నంబరు గడి దగ్గర నాకు నవ్వొచ్చింది.
ఆవిడ నవ్వలేదు.
"మా నాన్న నంబరా? జ్ఞానాపురం శ్మశానంలో అడుగమ్మా."

"సంబంధం?" అన్నాను.
ఆయన పొట్లం మడిచి జేబులో పెట్టుకుని
"ఇంకా పేరనుకోలేదు" అన్నాడు.
"ఆదివారాలు వస్తాం."

నాలుగో గడిలో ఆదివారం అని రాశాను.
ఎస్సైగారు టార్చి వేసి చదివారు.
"ఇదేం సంబంధం?"
"మా ఇంట్లో పాతదే సార్."
ఆయనకి అర్థం కాలేదు. మెమో ఇస్తానన్నారు.
ఇవ్వనీ.

ఇదేం గొప్ప కాదు, నాకు తెలుసు.
ముసలివాళ్ళని వదలడం తేలిక,
వాళ్ళకి కొట్టే తండ్రి లేడు.
పై వరసలో గాజువాక అమ్మాయి ఉంది,
నా చేతిరాతలో,
గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా.

డ్యూటీ దిగి ఇంటికొస్తుంటే
హార్బరు ముఖాన మూడు కొండల మీద
చర్చి, దర్గా, వెంకన్న గుడి
దీపాలు పెట్టుకుని కూర్చున్నాయి.
కాలువలోకి ఓడ వస్తోంది.
దాన్ని జెండా అడుగుతారు, సరుకు అడుగుతారు.
రాత్రి ఎవరి పక్కన నిలిచావని అడగరు.

చెప్పులు నా సంచిలో ఉన్నాయి.
నీలం పట్టీలు, ఒకదానికి పిన్నీసు.
రేపు యూనిఫాం లేకుండా గాజువాక బస్సెక్కుతాను.
ఇల్లు దొరుకుతుంది, అడ్రసు నేనే రాశాను కదా.
తలుపు తీసి ఆయన
"మీరెవరు, మా పిల్లకి ఏమవుతారు" అంటే