అంచనా

పుదుప్పేటలో మధ్యాహ్నం మూడింటికి
రోడ్డు మీద కంటే గోడల మీదే ఎక్కువ కార్లుంటాయి.
తలుపులు, డిక్కీలు, కళ్ళు పీకేసిన హెడ్‌లైట్లు.
వాటి మధ్య నా శాంత్రో
పళ్ళ డాక్టరు ముందు కూర్చున్నట్టు
బానెట్ తెరుచుకుని.

సవరిముత్తు స్పేరుపార్టు డబ్బా అట్ట చించి
దాని వెనక రాశాడు:
హెడ్ గాస్కెట్, రేడియేటర్, క్లచ్ సెట్టు,
ఏసీ కంప్రెసర్, కూలి.
కింద రెండు గీతలు.
డెబ్బై ఒక్కవేల నాలుగువందలు.
"ఇది అంచనాయేమ్మా.
విప్పి చూస్తేగానీ చెప్పలేను."

ఆ మాట నాది.
కీళ్పాక్కం ఆసుపత్రి బిల్లింగు కౌంటరు వెనక
పదకొండేళ్ళుగా రోజుకి ఇరవైసార్లు అంటున్నాను.
అద్దానికి అటువైపు వాళ్ళు
ఎలా తలూపుతారో తెలుసు.
అలాగే ఊపాను.

తోడొచ్చిన మా మరిది భుజంగరావు లెక్కల మనిషి.
ఫోన్లో వెతికి చెప్పాడు,
నడిచే బండిగా అమ్మితే అరవై వేలు,
పాత ఇనుముకైతే పద్దెనిమిది.
"చూడు వదినా, సామెత ఊరికే పుట్టలేదు.
దమ్మిడీ..."
అని ఆగిపోయాడు.

తక్కిన ముక్క గొంతులో చేపముల్లులా దిగబడింది.
దగ్గాడు. కర్చీఫ్ కోసం నాలుగు జేబులూ తడిమాడు.
సగం తెలుగు వచ్చిన సవరిముత్తు
"దమ్మిడీ అంటే ఎంత సార్?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది.
ఈ మూడేళ్ళలో ఆ సామెతని నా ముందు
సగందాకా అయినా తెచ్చినవాడు ఇతనొక్కడే.
మిగతావాళ్ళు పేరంటానికి పిలవడం మానేసి
అంతా మర్యాదగానే చెప్పేశారు.

ఆయన ఈ స్టీరింగు ఏనాడూ ముట్టలేదు.
ఎడమ సీట్లో కూర్చుని, ఎదురొచ్చే ప్రతి లారీకీ
లేని బ్రేకు తొక్కేవారు.
అటువైపు మ్యాటు అక్కడే చిల్లి పడింది.
వరదల ఏడాది సీటుదాకా మునిగి
తొమ్మిది రోజులు ఎండి, మళ్ళీ కదిలిన బండి.
ఏ వాన కురిసినా ఆ వాసన లేస్తుంది.

ఇవేవీ లెక్కలోకి రావు.
వచ్చేది చెప్తాను:
రెండో షిఫ్టు దిగేసరికి పదకొండున్నర.
ఆ వేళప్పుడు ఆటోవాడు ముందు రేటంటాడు,
తర్వాత, ఇంట్లో ఎవరున్నారంటాడు.
బండి ఏమీ అడగదు.

అట్ట తీసుకుని ఏసీ నేనే కొట్టేశాను.
రేడియేటరు పాతది చూడు, చాలు.
గాస్కెటూ క్లచ్చూ మాత్రం కొత్తవే.
నలభై మూడు వేలు.
పదిహేను ఇప్పుడు, మిగతాది ఒకటో తారీకు దాటాక.
"సామెత పూర్తి చెయ్యి, ఫర్వాలేదు" అన్నాను.
భుజంగరావు తన చెప్పులకేసి చూసుకున్నాడు.

విప్పాక ఇంకేం బయటపడుతుందో.
ఈ నలభై మూడూ కూవంలో పోసినట్టేనేమో.
మర్నాడు కౌంటర్లో ఎవరైనా
"ఇంకా పెరుగుతుందా మేడం?" అంటే
ఎటు చూడాలో.

ఎగ్మూరులో బస్సెక్కాను. కిటికీ సీటు.
వంతెన దిగుతూ డ్రైవరు
నీళ్ళ లారీ వెనక జానెడు దూరందాకా పోనిచ్చాడు.
నా కుడికాలు, నన్నడక్కుండా,
రేకు నేలని గట్టిగా తొక్కింది.

బస్సు ఆగింది.
నా వల్లనేం కాదు.