సోమారం దమ్ము

శనివారం దాకా బాగనే ఉంటాది.
ఆదారం మిల్లుకు సెలవు, మిషన్లకు కూడా.
సోమారం ఎనిమిదికి బెల్టు తిరిగినాక
ఒక గంట, రెండు గంటలు.
పత్తిదుమ్ము లేచి ఎండపొడలో నిలబడతాది,
నా రొమ్ము మింద ఎవరో బేలు దించినట్లుంటాది.

"పని ఎగ్గొట్టే సోమారం జబ్బు" అంటాడు మేస్త్రీ ఉరుకుందప్ప.
నేనూ అట్లే అనుకుంటి చానా ఏండ్లు.
ఆదారం తిన్న చియ్యకూరదేమో తప్పని
అదీ మానుకుంటి.

ఆదోని ఆసుపత్రిలో డాక్టరు తస్నీమమ్మ
చీటీ వెనక బొమ్మ గీసింది:
ఒక గుండ్రం, దాని నిండా చుక్కలు.
"ఇది మాస్ట్ కణం, గిడ్డమ్మా.
నీ ఊపిరిగొట్టాల గోడల్లో కాపురముంటాది."
నాకు మాత్రం గోడౌనే కనపడింది.

నేను తిన్న జొన్నరొట్టె, కందిబేడల్లోంచి
హిస్టిడిన్ అనే పూస నెత్తురెంబడి ఆడికి చేరుతాదంట.
లోపల ఒక కత్తెర.
పూస తోక కోస్తాది, ఒక్కటే కోత,
అంతే, హిస్టమిన్.
తెగిన తోక గాలై
నా ఊపిర్లోనే బయటికి పోతాదంట.
మిగిలింది సంచుల్లో కుక్కి
హెపారిన్ పురికొసతో బిగించి పెట్టుకుంటాది,
ఎప్పుడో వచ్చే పురుగు కోసం.
కాపలావోళ్ళ చేతిలో ఏదో ఒకటి ఉండాల గదా.

పత్తిదుమ్ము తగిలితే
పిచ్చివి, సంచులన్నీ ఒక్కతూరి ఇప్పుతాయి.

"మరి మంగళారం తగ్గుతాదెందుకమ్మా?"
"సరుకు అయిపోతాది. ఆదారం మళ్ళీ నింపుకుంటాయి.
అట్లని కొందరంటారు, ఇంకా పూర్తిగా తేలలేదు."

సిరుగుప్ప రోడ్డు మింద ఇంటిదాకా నడిస్తి.
ఆదారం గుడ్డలుతికి, నెత్తికి నూనె పెట్టుకొని
నేను చాప మింద ఒరిగినప్పుడు
అవి పని చేస్తానే ఉన్నాయి.
నా లోపల సెలవు లేని షిఫ్టు.
పూస తెచ్చి, తోక కోసి, మూట కట్టి,
సోమారానికని.
కూలి లేదు, మేస్త్రీ లేడు.

ఈ సోమారం మూతికి తడిగుడ్డ కట్టుకొని పోతి.
రొమ్ము బిగిసింది. భయం మాత్రం పుట్టలేదు.
కోపమొచ్చింది గానీ వాటి మింద కాదు.

"దుమ్ము లాగే ఫ్యాను చెడిపోయి ఉగాదికి ఏడాది,
బాగు చేయించప్పా" అంటి.

ఉరుకుందప్ప ఏందో అనబోయి
దగ్గినాడు.
గోడ పట్టుకొని చానాసేపు దగ్గినాడు.

ఆ దగ్గు దినామూ విన్నట్లే అనుకుంటి.
ఎంచి చూస్తే
శనివారం ఎప్పుడూ విన్లేదు.