ఎనిమిది నిమిషాలు

మా సభలో ఓటు చేత్తో వెయ్యరు,
కాళ్ళతో వేస్తారు.
గంట మోగితే అవుననేవాళ్ళు కుడి నడవాలోకి
కాదనేవాళ్ళు ఎడమ నడవాలోకి.
గుమ్మం దగ్గర ఇద్దరు నిలబడి
సంతలో గొర్రెల్ని దాటించినట్టు
పైకి వినిపించేలా తలలు లెక్కపెడతారు.
ఎనిమిది నిమిషాలు. ఆ తర్వాత తలుపులకి తాళం.

ఆ బుధవారం పొద్దున జస్‌హాంగ్ లింబు వచ్చాడు.
నా నియోజకవర్గంలోనే, ఒక లాండ్రీ షాపు పైగదిలో
తనలాంటి మరో నలుగురితో ఉంటాడు.
ద్వారం దగ్గర పతకాలు తియ్యమన్నారు.
ఒక్కో పిన్నూ విప్పి నాలుగింటినీ
ప్లాస్టిక్ ట్రేలో పెట్టాడు,
బెల్టు పక్కన, చిల్లర పక్కన.
యంత్రం మింగి అవతల కక్కింది.
మళ్ళీ పెట్టుకోడానికి వేళ్ళు మాట వినలేదు.
నేనే పెట్టాను. ఒకటి తిరగేసి పెట్టానని
సాయంత్రం దాకా నాకు తెలియలేదు.

మేం కోట్లు తగిలించుకునే చోట
ప్రతి కొక్కానికీ ఒక గులాబీ రంగు రిబ్బను.
కత్తి వేలాడదీసుకోడానికట, ఎప్పటి మాటో.
నేను గొడుగు తగిలిస్తాను.
దాన్ని వేలితో తాకి చూసి
"మీకు కత్తి ఉందా?" అన్నాడు.
లేదన్నాను. నవ్వాడు.

పద్దెనిమిదో ఏట ధరాన్‌లో
అతని ఛాతీ మీద సుద్దముక్కతో అంకె రాశారు.
చెరిగిపోతుందేమోనని రెండు రోజులు స్నానం చెయ్యలేదట.
బోర్నియో అడవిలో ఎడమ చెవి పోయింది.
పదిహేనేళ్ళకి ఇంటికి పంపారు.
ఈ నేల మీద ఉండాలంటే
ఇరవై ఏళ్ళు చేసుండాలంది మా నిబంధన.
పదిహేనుకే పంపేసింది కూడా మేమే.

ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్ళు నయం.
మేం తెప్పని నిలబెట్టి
తడిసినట్టు కాగితం ఏదీ అని అడిగాం.

పార్టీ నుంచి వచ్చిన చీటీలో
ఆ తీర్మానం కింద మూడు గీతలున్నాయి.
మూడు గీతలంటే జ్వరమొచ్చినా రావాలి,
ఎడమకి నడవాలి.

గంట మోగింది. లేచాను.
కుడివైపు మావాళ్ళే కొందరు వెళ్తున్నారు,
ఎవరి మొహమూ చూడకుండా.
ఎడమ గుమ్మం దగ్గర మా విప్
పెళ్ళి పందిట్లో పిలిచినట్టు చెయ్యి ఊపుతోంది.
నా కాళ్ళు ఆ రెండూ కాదని
కింది అంతస్తు మరుగుదొడ్డికి తీసుకుపోయాయి.
గడియ పెట్టాను. మూత మీద కూచున్నాను, కోటుతోనే.
గంట అక్కడా వినిపిస్తుంది.
ఎక్కడ దాక్కున్నా వినిపించేలా కట్టారు మా భవనాన్ని.
ఎదుటి గోడకి నూట పన్నెండు పలకలు.
నేను వాటిని లెక్కపెట్టాను.
నన్ను ఎవరూ లెక్కపెట్టలేదు.

అవునన్నవాళ్ళే గెలిచారు, కొద్ది తేడాతో.
పై గ్యాలరీలో ముసలాళ్ళంతా లేచారట.
చప్పట్లు కూడదని ముందే చెప్పాం కాబట్టి
టోపీలు చేతుల్లో నలుపుతూ నిలబడిపోయారట.
జస్‌హాంగ్ కుడిచెవి ముందుకు తిప్పి
పక్కవాణ్ణి "ఎంత? ఎంత?" అని
నాలుగుసార్లు అడిగాడట.

మెట్ల దగ్గర దొరికిపోయాను.
రెండు చేతుల మధ్య నా చెయ్యి.
"పైనుంచి చూశాను సాబ్, మీరు లేచారు."

లేచిన మాట నిజమే.

"మరి మాన్‌రాణిని ఎప్పుడు తెచ్చుకోవచ్చు?"

ఇది చట్టం కాదనీ, సభ అభిప్రాయం మాత్రమేననీ,
ప్రభుత్వం చెవిన పెడుతుందో లేదో చూడాలనీ చెప్పాను.
అంతా అయ్యాక గమనించాను,
నేను నిలబడింది అతనికి ఎడమవైపు.
అతను తల ఊపుతూనే ఉన్నాడు.

అప్పుడు కనబడింది రెండో పతకం.
రాణిగారు కోటులోకి మొహం పెట్టుకుని,
వీపు లోకానికి.
సరిచేద్దామని చెయ్యి చాపాను.
మళ్ళీ కరచాలనం అనుకున్నాడు.