సున్నా ఎక్కడ

డెల్ఫ్‌జైల్ ఓడరేవు వెనక, రెండో అంతస్తులో నా గది.
కిటికీ అద్దానికి ఎప్పుడూ ఒక ఉప్పు పొర.
హార్మ్ విర్సెమా గారు కోటు విప్పకుండానే కూర్చున్నారు.

కాగితం ఇచ్చాను. పంతొమ్మిది ప్రశ్నలు.
"గడిచిన నెలలో ఎంత తరచుగా" అనే మొదలవుతాయి అన్నీ.
ఎన్నడూ లేదు, అరుదుగా, అప్పుడప్పుడు, తరచుగా, ఎప్పుడూ.
ఐదు గడులు.
పెన్ను మొన పట్టేంత గడులు.

ముప్పై నాలుగేళ్లు
సముద్రం ఎత్తు రాసిన మనిషి ఆయన.
పోటుకి, పాటుకి, రోజుకి నాలుగు అంకెలు.
"ముందు ఒకటి చెప్పండి" అన్నారు.
"దీనికి సున్నా ఎక్కడ?
నీళ్లకైతే ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక కంచు మేకు ఉంది,
దేశమంతా దాన్నుంచే కొలుస్తాం.
ఆల్తియె లేని లోతు
దేన్నుంచి కొలవమంటారు?"

నా దగ్గర మేకు లేదు.
ఏడాది అనే గీత ఒకటుంది.
ఇవతల ఉంటే దుఃఖం, అవతల పడితే జబ్బు.
ఆయనకి మొన్న మంగళవారానికి పద్నాలుగు నెలలు.
గీత గీసినవాళ్లు చెడ్డవాళ్లేం కాదు,
కొందరు నాకు పాఠం చెప్పారు కూడా.
పేరు లేని నొప్పికి
బీమా ఆఫీసు తలుపు తెరుచుకోదు మరి.

ఏడో ప్రశ్న దగ్గర ఆగారు.
"ఆమె పోయిందని నమ్మలేకపోవడం...
నమ్మాను. పెట్టె దింపిన తాడు ఒక కొస
ఈ చేతిలోనే ఉంది.
కానీ శనివారం శనివారం
ఆమె సైకిల్‌కి గాలి కొడతాను.
ఎవరూ ఎక్కరు.
ఎక్కకపోయినా గాలి దిగిపోతూనే ఉంటుంది కదా.
ఇది ఏ గడి?"

"తరచుగా" అన్నాను.
అని, బల్ల మీది క్లిప్పులు సర్దుకున్నాను కాసేపు.

కూడితే
గీతకి రెండు పైన వచ్చింది.
అద్దాలు తుడుచుకుని అంకె చూశారు.
"ఇది పోటా, పాటా?"
ఒక్కసారి కొలిస్తే తెలియదండీ, అన్నాను.
అప్పుడు నవ్వారు, మొదటిసారి,
తన ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రదాన్ని చూసి నవ్వినట్టు.
"తెలియదు. ఏ నీళ్లూ ఒక్కసారికి తెలియవు."

వచ్చే గురువారం రమ్మన్నాను.
పొత్తికడుపులోంచి లేచినట్టు లేచారు కుర్చీలోంచి.
మెట్ల మీద అడుగులు దిగిపోయాక చూశాను:
సంతకం పక్కన, నేను అడగకుండానే,
పదిహేను గంటల నలభై రెండు నిమిషాలు
అని రాసి ఉంది.
దాని కింద, ఇంకా చిన్న అక్షరాల్లో,
గాలి వాయవ్యం నుంచి.